రెండవ ఆసనం

పాఠ్యభాగ సందర్భం

ప్రభుత్వంలో ప్రథమ స్థానంలో ఉన్నవారిని గురించి చరిత్ర విస్తారంగా చెబుతుంది. వారి పక్కన రెండవ ఆసనంలో కూర్చున్నవారిని గురించి చెప్పేది తక్కువ. నాయకుడు తీసుకొన్న నిర్ణయం ప్రజలకు రుచించనప్పుడు, ఒక్కొక్కసారి తనకే రుచించనప్పుడు, ఆ రెండవ వ్యక్తి ఏ పక్షాన నిలవాలి? అనంతపురం జిల్లాలో పుట్టి రాష్ట్రపతి పదవి వరకు ఎదిగిన నీలం సంజీవరెడ్డి జీవితంలోని కొన్ని ఘట్టాల ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ పాఠం ఉద్దేశం. ఆయన సమకాలికులైన టంగుటూరి ప్రకాశం, వరాహగిరి వేంకటగిరి ఈ కథలో సందర్భానుసారంగా వస్తారు.

పాఠ్యాంశం

పెనుకొండ కోటను చూడబోయినవారికి అక్కడివారు తిమ్మరుసు కథ చెప్పకుండా పంపరు. శ్రీకృష్ణదేవరాయలు అప్పాజీ అని పిలిచి గౌరవించిన మహామంత్రి సాళువ తిమ్మరుసు. రాయల కుమారుని మరణానికి ఆయనే కారకుడన్న అనుమానం రాజు మనస్సులో నాటుకొన్నదనీ, అంతటివానికి కన్నులు పొడిపించి చెరలో పెట్టించారనీ, ఆ చెర పెనుకొండ కోటలోనే అనీ ఐతిహ్యం. ఇందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్న చర్చ పండితులది. రాయలసీమ ప్రజలు మాత్రం ఈ కథను అయిదు వందల సంవత్సరాలుగా మరువలేదు. ఆముక్తమాల్యద నాలుగవ ఆశ్వాసంలో రాజనీతిని అంత సూక్ష్మంగా వివరించిన ప్రభువు తన మంత్రి విషయంలో పొరపడ్డాడన్న బాధ ఆ కథలో ఉంది. రాజుకు అత్యంత సన్నిహితంగా మెలగేవాని స్థానం ఎంత గొప్పదో అంత ప్రమాదకరమైనదని కూడా వారు ఆ కథ ద్వారా గ్రహించారు.

మన ప్రాచీన సాహిత్యం ఈ రెండవ స్థానాన్ని గురించి చాలా ఆలోచించింది. కౌరవసభలో ద్రౌపదికి అన్యాయం జరుగుతున్నప్పుడు దుర్యోధనుని తమ్ముడైన వికర్ణుడు లేచి అది అధర్మమని స్పష్టంగా పలికాడు. పెద్దలు పలకలేని మాట ఒక చిన్నవాడు పలికాడు. అయినా యుద్ధం వచ్చేసరికి అన్న పక్షానే నిలిచి భీముని చేతిలో మరణించాడు. విదురుడు మరొక మార్గం తొక్కాడు. హితవు చెప్పినంతకాలం చెప్పి, అవమానం ఎదురైనప్పుడు తన ధనుస్సును రాజద్వారం వద్ద వదలి తీర్థయాత్రలకు వెళ్ళిపోయినట్లు భాగవతం చెబుతుంది. విభీషణుడు అన్నను విడిచి ఎదుటి పక్షంలో చేరాడు. ఆయన చేసినది ధర్మమని రామాయణం అంటుంది. తెలుగువారు మాత్రం ఇంటిగుట్టు లంకకు చేటు అన్న సామెతను ఆయనను తలచుకొనే పుట్టించుకొన్నారు. లోపలే ఉండి చెప్పడం, చెప్పి వెళ్ళిపోవడం, వెళ్ళి ఎదిరించడం - ఈ మూడు మార్గాలూ ఆధునిక రాజకీయాలలోనూ కనిపిస్తాయి.

నీలం సంజీవరెడ్డి 1913 మే 19న ఇల్లూరు గ్రామంలో జన్మించారు. నేటి గార్లదిన్నె మండలంలోని ఊరు అది. నైరుతి ఋతుపవనాలను పడమటి కనుమలు అడ్డగించగా, ఈశాన్య ఋతుపవనాలు తీరం నుండి ఇంత దూరం వచ్చేసరికి నీరసించగా, రెండు ఋతువుల నడుమ ఎండిపోయే పీఠభూమి అనంతపురం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన ఇక్కడి సగటు. దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేర్ తరువాత అత్యల్ప వర్షపాతం గల జిల్లాగా దీనికి పేరు. ఇక్కడి రైతుకు మేఘాన్ని నమ్మడం అలవాటు, మేఘం మోసం చేయడం కూడా అలవాటే. మాటను ఆచితూచి ఇవ్వడం, ఇచ్చిన తరువాత నిలుపుకోవడం ఈ నేల నేర్పిన గుణమని ఈ ప్రాంతంవారు చెప్పుకొంటారు. అది అందరి విషయంలో నిజమని చెప్పలేము కాని, అలా చెప్పుకోవడంలో వారికి గర్వం ఉంది.

సంజీవరెడ్డి మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజం వారి ఉన్నత పాఠశాలలోను, తరువాత అనంతపురం ప్రభుత్వ కళాశాలలోను చదివారు. 1929లో గాంధీజీ అనంతపురం రావడం ఆ యువకుని దారిని మార్చింది. 1931లో చదువు వదలి స్వాతంత్ర్యోద్యమంలో ప్రవేశించారు. 1938లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1940 నుండి 1945 వరకు ఎక్కువ కాలం కారాగారంలోనే గడిచింది. 1942 ఉద్యమ కాలంలో ఆయనను నిర్బంధించిన అమరావతి జైలు నేటి మహారాష్ట్రలో ఉంది. అక్కడ ఆయనతోపాటు ఉన్నవారిలో టంగుటూరి ప్రకాశం, సత్యమూర్తి, కామరాజ్, వి.వి. గిరి ఉన్నారు. వీరిలో ఒకరికి ఆయన ఉపనాయకుడు కానున్నారు. ఒకరు ఆయనను రాష్ట్రపతి పదవికి అభ్యర్థిగా నిలబెట్టినవారిలో ఉండనున్నారు. ఒకరు అదే పదవికి ఆయన ప్రత్యర్థి కానున్నారు. ఒకే ప్రభుత్వం ఒకే నేరానికి బంధించినవారి నడుమ ఇంత చరిత్ర మిగిలి ఉందని ఆనాడు ఎవరికీ తోచి ఉండదు.

1949 ఏప్రిల్ నుండి 1951 ఏప్రిల్ వరకు సంజీవరెడ్డి ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో మంత్రిగా ఉన్నారు. గృహవసతి, అడవులతోపాటు ఆయనకు అప్పగించిన శాఖ మద్యనిషేధం. ఈ సంగతి తరువాతి కథకు అవసరం. 1951లో మంత్రిపదవికి రాజీనామా చేసి ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష స్థానానికి పోటీచేసి ఆచార్య ఎన్.జి. రంగాను ఓడించారు. ఆ కలహాల ఫలితంగా రంగా, ప్రకాశం ఇద్దరూ కాంగ్రెస్‌ను విడిచిపోయారు. 1952 ఎన్నికలలో అనంతపురంలో సంజీవరెడ్డి ఓడిపోయారు. ఓడించినవారు కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి. నాగిరెడ్డి సోదరి నాగరత్నమ్మనే సంజీవరెడ్డి 1935లో వివాహమాడారు. బావ ఒక పక్షం, బావమరిది మరొక పక్షం. బంధుత్వాన్నీ విశ్వాసాన్నీ వేరుచేసి చూడడం ఈ ఇంటివారికి అప్పటికే అలవడింది.

పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ తరువాత 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. శాసనసభలో ఏ పక్షానికీ సంపూర్ణమైన ఆధిక్యం లేదు. ప్రజల హృదయాలలో ప్రకాశానికి ఉన్న స్థానం మరెవరికీ లేదు. కాని ఆయన వెంట ఉన్న శాసనసభ్యులు కొద్దిమంది. కాంగ్రెస్ మద్దతు లేనిదే ఆయన మంత్రివర్గం ఒక్కరోజు నిలువదు. అప్పటికి ప్రకాశానికి 81 సంవత్సరాలు, సంజీవరెడ్డికి 40 సంవత్సరాలు. రెండేళ్ళ క్రితం పార్టీ వదలి వెళ్ళిన వృద్ధనాయకుని కింద, ఆ పార్టీని చేజిక్కించుకొన్న యువనాయకుడు ఉపముఖ్యమంత్రిగా చేరాడు. సంఖ్యాబలం ఒకరిది, ఆసనం మరొకరిది. రాజకీయాలలో ఇంతకంటె ఇరుకైన కూర్పు ఊహించడం కష్టం.

ఈ మంత్రివర్గానికి ఎదురైన పెద్ద పరీక్ష మద్యనిషేధం. 1948 నాటికే మద్రాసు రాష్ట్రమంతటా నిషేధం అమలులోకి వచ్చింది. కొత్త రాష్ట్రం దానిని వారసత్వంగా స్వీకరించింది. గాంధీజీ పేరుతో ముడిపడిన విధానం కనుక కాంగ్రెస్‌వారికి దానిని కాదనడం సులభం కాదు. కాని ఆ విధానం మూలంగా తాటి, ఈత చెట్లు గీసి బ్రతికే వేలాది కుటుంబాలు జీవనాధారం కోల్పోయాయి. ఖజానాకు రావలసిన ఆదాయం పోయింది. చాటుమాటున సారా కాగడం మాత్రం ఆగలేదు. గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న ఉద్యమించారు. విశ్రాంత ఐ.సి.ఎస్. అధికారి ఎస్.వి. రామమూర్తి అధ్యక్షతన ప్రభుత్వమే నియమించిన సంఘం నిషేధాన్ని ఎత్తివేయమని సిఫారసు చేసింది. మంత్రివర్గం ఆ సిఫారసును అమలుచేయలేదు. ప్రతిపక్షాలు ఏకమై అవిశ్వాస తీర్మానం తెచ్చాయి. 1954 నవంబరులో ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది.

ఈ సందర్భంలో ఉపముఖ్యమంత్రి స్థితిని ఊహించి చూడాలి. విధానం ప్రజలలో అప్రియమైనదని ఆయనకు తెలియకపోలేదు. నిషేధశాఖను రెండేళ్ళు స్వయంగా నడిపినవానికి దానిలోని కష్టనష్టాలు అందరికంటె ఎక్కువగా తెలియాలి. మరొకవైపు, తాను మంత్రిగా అమలుచేసిన విధానాన్ని తానే తప్పని ఎలా అంటారు? విధానం విషయంలో ఆయన విధేయతకూ విశ్వాసానికీ వైరుధ్యం లేకపోయి ఉండవచ్చు. అసలైన ప్రలోభం వేరొకచోట ఉంది. ముఖ్యమంత్రి పతనమైతే తరువాతి వరుసలో ఉన్నది తానే. ఒక్క ఓటుతో నిలిచే ప్రభుత్వాన్ని ఒక్క ఓటుతో పడగొట్టడానికి పెద్ద కుట్ర అవసరం లేదు, నలుగురు అనుచరుల అలసత్వం చాలు. సంజీవరెడ్డి పడిపోతున్న ప్రభుత్వంలోనే నిలిచి దానితోపాటే పదవి కోల్పోయారు. రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955 ఎన్నికలలో కాంగ్రెస్ నాయకత్వంలోని కూటమి గెలిచినప్పుడు కూడా ముఖ్యమంత్రి పదవి బెజవాడ గోపాలరెడ్డికి దక్కింది. సంజీవరెడ్డి మళ్ళీ రెండవ ఆసనంలోనే కూర్చున్నారు.

అదే 1954లో, ప్రకాశం ప్రభుత్వం పడిపోవడానికి మూడు నెలల ముందు, ఢిల్లీలో మరొక తెలుగువాడు ఇటువంటి ప్రశ్నకే వేరొక సమాధానం చెప్పాడు. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి కార్మిక నాయకుడు. 1952లో నెహ్రూ మంత్రివర్గంలో కార్మికశాఖ మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై శ్రామిక అప్పీలు న్యాయస్థానం ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చాలని నిర్ణయించింది. కార్మికులకు అనుకూలమైన తీర్పును తన ప్రభుత్వమే తగ్గించడం గిరికి సమ్మతం కాలేదు. 1954 ఆగస్టులో ఆయన రాజీనామా చేశారు. నెహ్రూ వంటి నాయకుని మంత్రివర్గం నుండి ఒక విధానం కోసం వైదొలగడం ఆ రోజులలో చిన్న విషయం కాదు. విదురుని ధనుస్సు ఇక్కడ గుర్తుకు వస్తుంది. గిరి విషయంలో ఆ ధనుస్సును మళ్ళీ చేపట్టే రోజు కూడా వచ్చింది.

1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. సంతకం చేసినవారిలో సంజీవరెడ్డి ఒకరు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవాడైతే ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతంవాడు కావాలన్నది అందులోని ఒక అంశం. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి సంజీవరెడ్డి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన ఏర్పరచిన మొదటి మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి లేడు. ఆ పదవి చేతికి ఆరవ వేలు వంటిదని ఆయన అన్నట్లు ప్రసిద్ధి. తాను రెండు పర్యాయాలు కూర్చున్న ఆసనాన్ని, దాని విలువా దాని వేదనా తెలిసినవాడు, మరొకరికి నిరాకరించడం ఆయన రాజకీయ జీవితంలోని చేదు వైరుధ్యం. తరువాతి సంవత్సరాలలో కొండా వెంకట రంగారెడ్డి ఆ పదవిని చేపట్టినా, మాట తప్పారన్న భావన తెలంగాణవారి మనస్సులలో నిలిచిపోయింది. 1969 ఉద్యమంలో వినిపించిన ఫిర్యాదులలో ఇది కూడా ఒకటి. ఉపనాయకుని విధేయతను కోరే నాయకుడు ఆ ఉపనాయకునికి ముందు ఒక ఆసనం ఇవ్వాలి కదా! ఆయన జీవితాన్ని ప్రశంసించే రచనలలో చాలా భాగం ఈ ఘట్టాన్ని తొందరగా దాటిపోతాయి. అలా దాటిపోవడం న్యాయం కాదు.

1960లో ఆయన ముఖ్యమంత్రి పదవి వదలి అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. 1962లో మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. కర్నూలు జిల్లా బస్సు మార్గాల జాతీయీకరణ వివాదంలో సర్వోన్నత న్యాయస్థానం చేసిన వ్యాఖ్యలు తన ప్రభుత్వానికి ప్రతికూలంగా ఉండడంతో 1964 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. తరువాత లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో ఉక్కు, గనుల శాఖను నిర్వహించారు.

1967లో హిందూపురం నుండి లోక్‌సభకు ఎన్నికై మార్చి 17న సభాపతి పదవి స్వీకరించారు. ఆ సందర్భంలో ఆయన చేసిన పని గమనించదగినది. 34 సంవత్సరాల అనుబంధం గల కాంగ్రెస్ పార్టీ సభ్యత్వానికి రాజీనామా ఇచ్చారు. సభాపతి ఏ పక్షానికీ చెందకూడదన్నది ఆయన విశ్వాసం. రాజ్యాంగం అలా కోరలేదు, పార్టీ అడగలేదు. పార్టీ పట్ల విధేయత ఒకవైపు, పదవి పట్ల విధేయత మరొకవైపు ఉన్నప్పుడు ఆయన పదవిని ఎంచుకొన్నారు. ఈ నిర్ణయమే రెండేళ్ళ తరువాత ఆయనను ఒక విచిత్రమైన స్థితిలో నిలబెట్టింది.

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుసేన్ మరణించారు. ఉపరాష్ట్రపతిగా ఉన్న వి.వి. గిరి రాజ్యాంగం ప్రకారం తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. అంతకు ముందు ఉపరాష్ట్రపతులుగా ఉన్న రాధాకృష్ణన్, జాకీర్ హుసేన్ ఇద్దరూ రాష్ట్రపతులయ్యారు. కనుక ఆ వరుస తనకూ వర్తిస్తుందని గిరి ఆశించడంలో అసహజం లేదు. కాని జూలైలో బెంగుళూరులో సమావేశమైన కాంగ్రెస్ పెద్దల ఆలోచన వేరు. నిజలింగప్ప, కామరాజ్, ఎస్.కె. పాటిల్ మొదలైనవారు సంజీవరెడ్డిని అభ్యర్థిగా నిర్ణయించారు. ప్రధాని ఇందిరాగాంధీ జగ్జీవన్‌రామ్ పేరు సూచించినా పార్టీ పార్లమెంటరీ బోర్డులో ఆమె మాట చెల్లలేదు. చివరకు సంజీవరెడ్డి అభ్యర్థిత్వాన్ని ఆమె కూడా ప్రతిపాదించారు. పార్టీ సభ్యత్వమే వదులుకొన్న వ్యక్తి ఆ పార్టీకి అధికారిక అభ్యర్థి అయ్యాడు.

ఆ వారం రోజులలో జరిగిన సంఘటనలు దేశ చరిత్రను మలుపు తిప్పాయి. జూలై 16న ప్రధాని మొరార్జీ దేశాయి నుండి ఆర్థికశాఖను తప్పించారు. జూలై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేస్తూ ఆర్డినెన్సు వెలువడింది. దానిపై సంతకం చేసినవారు తాత్కాలిక రాష్ట్రపతి గిరి. పార్టీ పెద్దలలో అనేకులకు ఆ నిర్ణయం, అది జరిగిన తీరు నచ్చలేదు. కార్మికులు, చిన్న వ్యాపారులు మాత్రం ప్రధాని నివాసం ముందు చేరి హర్షించారు. 15 ఏళ్ళ క్రితం బ్యాంకు ఉద్యోగుల కోసం మంత్రిపదవి వదిలిన వ్యక్తి చేతితోనే బ్యాంకుల జాతీయీకరణ జరిగింది. ఆ సంతకం గిరి మనస్సుకు విరుద్ధమైనదని చెప్పడానికి అవకాశం లేదు.

మరునాడు, జూలై 20న, గిరి రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా రంగంలోకి దిగారు. అటు రాష్ట్రపతి లేడు, ఇటు ఉపరాష్ట్రపతి లేడు. ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా తాత్కాలికంగా రాష్ట్రపతి బాధ్యతలు వహించవలసి వచ్చింది. అంతకు ఒకరోజు ముందే సంజీవరెడ్డి సభాపతి పదవికి రాజీనామా ఇచ్చారు. పదవిలో కూర్చుని ఆ పదవి బలంతో పోటీచేయరాదన్న నియమాన్ని ఇద్దరూ పాటించారన్నమాట. ఈ ఒక్క విషయంలో అమరావతి జైలు సహచరులిద్దరూ ఒకే పాఠశాల విద్యార్థుల వలె కనిపిస్తారు.

సంజీవరెడ్డికి రెండవ ప్రాధాన్యపు ఓట్లు కోరుతూ నిజలింగప్ప స్వతంత్ర, జనసంఘ్ పక్షాల నాయకులను కలిశారు. దానిని ఆక్షేపిస్తూ ఇందిరాగాంధీ పార్టీ అభ్యర్థికి ఓటు వేయాలన్న ఆజ్ఞ జారీచేయడానికి నిరాకరించారు. సభ్యులు తమ ఆత్మప్రబోధాన్ని అనుసరించి ఓటు వేయవచ్చునన్న పిలుపు వెలువడింది. ఈ మాట అంతవరకు ఆధ్యాత్మిక గ్రంథాలలో వినిపించేది, ఆ రోజు నుండి రాజకీయ పరిభాషలో చేరింది. ఆగస్టు 16న ఓటింగు, 20న లెక్కింపు జరిగాయి. మొదటి ప్రాధాన్యపు ఓట్ల విలువలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. ఎవరికీ సగానికి మించి రాలేదు. రెండవ ప్రాధాన్యపు ఓట్లను కలుపగా గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 అయ్యాయి. కేవలం 14,650 తేడాతో గిరి గెలిచారు.

ఇందులో ఎవరిది విధేయత, ఎవరిది విశ్వాసం? పార్టీ నిర్ణయాన్ని శిరసావహించి సంజీవరెడ్డికి ఓటు వేసినవారు విధేయులు. వారిలో ఆయన పట్ల నిజమైన నమ్మకం ఉన్నవారూ లేకపోలేదు. గిరికి ఓటు వేసిన కాంగ్రెస్‌వారు ఆత్మప్రబోధాన్ని అనుసరించామన్నారు. వారిలో ప్రధాని పట్ల విధేయతతో వేసినవారు ఎందరో! ప్రతిపాదనపై సంతకం చేసిన చేతితోనే ఆ ప్రతిపాదనకు వ్యతిరేకంగా ఓటు వేయవచ్చునని సూచించడం సమంజసమా అని ఆనాడు అడిగినవారున్నారు. పాత తరం పెద్దలు తనను బంధించదలచినప్పుడు ఆమెకు వేరే దారి లేదని సమర్థించినవారూ ఉన్నారు. గిరి విషయంలోనూ ప్రశ్న మిగిలే ఉంది. ఆత్మప్రబోధం ఎక్కడ ముగిసిందో, పదవిపై ఆశ ఎక్కడ మొదలయిందో ఎవరు చెప్పగలరు? ఒక్క సంగతి మాత్రం ఆయన పక్షాన చెప్పాలి. ఎదిరించదలచినప్పుడు ముందు తన ఆసనం ఖాళీ చేశారు. ఓడితే తిరిగి చేరడానికి ఆయనకు ఆ ఆసనం ఉండదు.

ఎన్నిక ప్రచారంలో సంజీవరెడ్డి శీలాన్ని కించపరుస్తూ పేరులేని కరపత్రం ఒకటి పంచిపెట్టారు. దాని మీద సర్వోన్నత న్యాయస్థానంలో వ్యాజ్యం నడిచింది. రాష్ట్రపతి గిరి స్వయంగా న్యాయస్థానానికి వెళ్ళి సాక్ష్యం చెప్పారు. 1970లో వ్యాజ్యాన్ని కొట్టివేశారు. అంతకు ముందే, 1969 నవంబరులో, కాంగ్రెస్ రెండుగా చీలిపోయింది.

సంజీవరెడ్డి అనంతపురానికి తిరిగివచ్చి వ్యవసాయంలో ప్రవేశించారు. ఢిల్లీలో ఓడినవారు సాధారణంగా ఢిల్లీలోనే మరొక అవకాశం కోసం నిరీక్షిస్తారు. ఆయన చేరిన చోట నిరీక్షణ మరొక విధమైనది. తొలకరి పడితేనే వేరుశనగ విత్తనం నేలలో పడుతుంది. అదను తప్పితే ఆ ఏడు తప్పినట్లే. పైరు మొలిచిన తరువాత నెలరోజులు చినుకు లేకపోతే రైతు చేయగలిగినది ఆకాశం వైపు చూడడమే. 1971 ఎన్నికలలో ఆయన హిందూపురంలో ఓడిపోయారు. 1975 మే 1న జయప్రకాశ్ నారాయణ్ హైదరాబాదు వచ్చినప్పుడు ఆయనతో కలిసి వేదిక ఎక్కి మళ్ళీ ప్రజాజీవితంలోకి వచ్చారు. 1977 ఎన్నికలలో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాలలో 41 కాంగ్రెస్‌కు దక్కగా, జనతా పక్షాన గెలిచింది ఒక్క నంద్యాల, అక్కడ గెలిచినది సంజీవరెడ్డి.

ఆ సంవత్సరం జూలైలో ఆయన రాష్ట్రపతిగా పోటీ లేకుండా ఎన్నికయ్యారు. ఎనిమిదేళ్ళ క్రితం దేశాన్ని రెండుగా చీల్చిన పేరుపై ఇప్పుడు అన్ని పక్షాలకూ ఏకాభిప్రాయం కుదిరింది. 1979లో మొరార్జీ ప్రభుత్వం పడిపోయి, చరణ్‌సింగ్ ప్రభుత్వం లోక్‌సభను ఎదుర్కొనకుండానే రాజీనామా చేసినప్పుడు, ఆయన జగ్జీవన్‌రామ్‌కు అవకాశం ఇవ్వకుండా ఆగస్టు 22న సభను రద్దుచేశారు. ఆ నిర్ణయంపై విమర్శలు తీవ్రంగా వచ్చాయి. మంత్రిమండలి సలహాకు కట్టుబడవలసిన రాష్ట్రపతికి స్వంత వివేచన ఎంతవరకు ఉండవచ్చునన్న చర్చ నేటికీ రాజ్యాంగ విద్యార్థులకు పాఠ్యాంశమే. తన పక్షం వాదనను ఆయన 1989లో ప్రచురించిన ఆంగ్ల జ్ఞాపకాలలో చెప్పుకొన్నారు.

1980 ఎన్నికలలో ఇందిరాగాంధీ తిరిగి గెలిచారు. జనవరి 14న రాష్ట్రపతి భవనంలో ఆమె చేత ప్రధానిగా ప్రమాణస్వీకారం చేయించినవారు నీలం సంజీవరెడ్డి. అదే సంవత్సరం జూన్‌లో మద్రాసులో వి.వి. గిరి మరణించారు. మాజీ రాష్ట్రపతి మరణానికి దేశం సంతాపం పాటించిన ఆ దినాలలో, 1969లో ఇద్దరూ కోరిన ఆసనంలో ఉన్నది ఆయన అమరావతి జైలు సహచరుడే. 1982 జూలైలో పదవీకాలం ముగిసిన తరువాత సంజీవరెడ్డి మళ్ళీ అనంతపురం చేరారు.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. ప్రకాశం మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రిగా సంజీవరెడ్డి ఎదుర్కొన్న స్థితిని వివరించండి.
2. 1954లోను, 1969లోను వి.వి. గిరి చేసిన రాజీనామాలను పోల్చి, వాటిలోని భేదాన్ని చర్చించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. వికర్ణుడు, విదురుడు, విభీషణుడు అనుసరించిన మార్గాలు ఎట్టివి?
2. పెద్దమనుషుల ఒప్పందం విషయంలో సంజీవరెడ్డి నిర్ణయాన్ని పాఠ్యభాగం ఎందుకు తప్పుపట్టింది?
3. సభాపతిగా ఎన్నికైనప్పుడు సంజీవరెడ్డి పార్టీ సభ్యత్వం ఎందుకు వదులుకొన్నారు?

కింది పదాలను విడదీసి సంధి పేరు తెలపండి: స్వాతంత్ర్యోద్యమం, సర్వోన్నత, ఏకాభిప్రాయం, ప్రత్యర్థి.

కింది సమాసాలకు విగ్రహవాక్యాలు రాయండి: మద్యనిషేధం, ఆత్మప్రబోధం, కష్టనష్టాలు, రాజద్వారం.